ఆర్థికరంగములో ఉద్యోగమునకు ఏ కళాశాల?

ఇంటర్మీడియట్ పరీక్షా ఫలితములు వెలువడిన నాటినుండి మన తెలుగు ఇండ్లలో సాగు చర్చ అందరికిని తెలిసినదే. ఇంజనీరింగు, వైద్యము అను రెండు రాజమార్గములను గూర్చి చెప్పువారు వీధికి పదిమంది కలరు. ఏ ర్యాంకుకు ఎచ్చట సీటు వచ్చును, ఎంత ఖర్చగును అను వివరములు పొరుగింటివారే చెప్పగలరు. కాని "మా అబ్బాయి పెట్టుబడుల సంస్థలలో పనిచేయదలచినాడు; మా అమ్మాయికి కంపెనీల లెక్కలనిన ఆసక్తి; వారిని డిగ్రీకి ఎచ్చట చేర్పింపవలెను?" అని అడిగినచో సరియైన సమాధానము చెప్పగలవారు అరుదు.

ఆ లోటును పూరించుటకు ప్రకటనలు సిద్ధముగా నున్నవి. అత్యధిక వేతనము ఇన్ని లక్షలని పెద్ద అక్షరములతో ముద్రించిన పటములు బస్సుల వెనుకను, పత్రికల మొదటి పుటలోను మనకు దర్శనమిచ్చుచున్నవి. మూడు మొదలు ఐదేండ్ల కాలము, కొన్ని లక్షల రూపాయలు, పదునెనిమిదేండ్ల బిడ్డ ఉత్సాహము, ఈ మూడింటిని మనము ఒక్క సంతకముతో అప్పగించుచున్నాము. ఆ సంతకమునకు ముందు ఆలోచింపవలసిన విషయములను క్రమముగా మనవి చేయుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

ఇందులో మేము కళాశాలల వరుస జాబితా చదువబోవుట లేదు. ఎంచుకొను పద్ధతిని మాత్రము చెప్పెదము. ఆ పద్ధతి సారాంశ మిది: ముందుగా చేయదలచిన పని ఏదో తేల్చుకొనవలెను, పిమ్మట ఆ పనికి పోవు ద్వారము ఏదో తెలిసికొనవలెను, కళాశాల పేరు ఆ తరువాతిది. ఈ వరుసను తలక్రిందులు చేసిన ఇండ్లలోనే డబ్బు, కాలము వ్యర్థమగుచున్నవి.

అభిరుచిని పరీక్షించుట

ఫైనాన్సు అను మాట క్రొత్తదే గాని, అందలి విషయము మన ఇండ్లకు క్రొత్త కాదు. చీటీ పాటను తీసికొందము. ఇరువదిమంది కలిసి నెలకు 5,000 రూపాయల చొప్పున కట్టు లక్ష రూపాయల చీటీ యొకటి కలదు. మూడవ నెలలో ఒకరు 25,000 రూపాయలు తగ్గించి పాడి, 75,000 రూపాయలు చేతపట్టుకొనిరి. ఆయన ఎంత వడ్డీకి అప్పు తెచ్చుకొన్నట్లు? చివరి నెలవరకు ఆగినవారికి తమ సొమ్ముపై ఎంత వడ్డీ ముట్టినట్లు? ఆ సొమ్మునే బ్యాంకులో దాచుకొనియున్నచో ఇంతకంటె మేలు జరిగెడిదా? చీటీ నడుపువారు మధ్యలో చేతులెత్తివేయుదురేమో యను భయమునకు ఎంత వెల కట్టవలెను?

నేటి రూపాయికిని రేపటి రూపాయికిని గల భేదము, రాబడికిని నష్టభయమునకును గల సంబంధము, ఈ రెండును ఆ నాలుగు ప్రశ్నలలో ఇమిడియున్నవి. కళాశాలలో ఐదేండ్లు చదివినను, ముంబయిలో ముప్పదియేండ్లు పనిచేసినను, ఈ రంగములో ఎదురగునవి ఈ ప్రశ్నల విస్తరణములే. వీనిని వినగానే కాగితము, కలము అందుకొను బిడ్డకు ఈ విద్య తగును. లెక్క యనగానే విసుగుకొని, ఎత్తైన భవనములో అద్దాల గదిని మాత్రమే ఊహించుకొను బిడ్డకు ఎంతటి కళాశాలయు మేలు చేయజాలదు. పిల్లలను పరీక్షించుటకు ఈ చీటీ లెక్క ఒక్కటి చాలును.

ఇచ్చటనే మరియొక మాట. పదవ తరగతి ముగించినవారు ఇంటర్మీడియట్‌లో గణితమును విడిచిపెట్టకుండుట మంచిది. గణితము లేని సి.ఇ.సి. చదివి పైకి వచ్చినవారు లేకపోలేదు. అయినను ఎం.పి.సి. గాని, ఎం.ఇ.సి. గాని చదివినవారికి తరువాత తెరచియుండు తలుపులు ఎక్కువ. ఢిల్లీ విశ్వవిద్యాలయములో అర్థశాస్త్రము ఆనర్సు చదువవలెననిన గణితము తప్పనిసరి. ఐ.ఐ.ఎం.ల ఐదేండ్ల చదువునకు జరుగు ప్రవేశపరీక్షలో గణితము పాలు పెద్దది.

ఒక రంగము, ఐదు వాకిళ్ళు

ఆర్థికరంగము ఒకే వృత్తి యని భావించుట మొదటి పొరపాటు. డాక్టరును, మందుల దుకాణదారును, ఆసుపత్రి గుమాస్తాను ఒకే వృత్తివారని యెవ్వరు ననరు గదా! ఇందును కనీసము ఐదు వేరువేరు వాకిళ్ళు కలవు. ఒక్కొక్క వాకిటి తాళపుచెవి ఒక్కొక్క రీతిగా నుండును.

మొదటిది పద్దులు, తనిఖీ, పన్నులు. అనగా చార్టర్డ్ అకౌంటెంటు వృత్తి. 1949 నాటి పార్లమెంటు చట్టముచే ఏర్పడిన సంస్థ ఈ పరీక్షలను జరుపుచున్నది. ఫౌండేషను, ఇంటర్మీడియట్, ఫైనల్ అను మూడు మెట్లను ఎక్కవలెను. 2023లో వచ్చిన క్రొత్త పథకము ప్రకారము రెండేండ్లు అనుభవజ్ఞుడైన అకౌంటెంటు వద్ద ఆర్టికల్‌షిప్పు చేయవలెను. బి.కాం.లో 55 శాతము మార్కులు, ఇతర డిగ్రీలలో 60 శాతము మార్కులు వచ్చినవారు ఫౌండేషను పరీక్ష వ్రాయకయే రెండవ మెట్టు నెక్కవచ్చును. ఈ వాకిటికి కళాశాల పేరుతో పనిలేదు. పేరుపొందిన పట్టణములో చదివినవానికిని, మండల కేంద్రములో చదివినవానికిని ప్రశ్నపత్ర మొక్కటే. పరీక్షలు మాత్రము కఠినములు. తప్పువారి సంఖ్య ఎక్కువ. కావున ఈ దారిని పట్టినవారు ఇంటికి దగ్గరగా, తక్కువ రుసుముగల కళాశాలలో గాని, 1982లో హైదరాబాదున వెలసిన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము వంటిదానిలో గాని బి.కాం. పూర్తిచేసి, తమ శక్తినంతయు ఆ పరీక్షలపై నిలుపుట వివేకము. లక్షల రుసుము చెల్లించి దూరపు కళాశాలలో చేరి, చార్టర్డ్ అకౌంటెన్సీని ప్రక్క వ్యాపకముగా చదువబూనుట రెండు పడవలపై కాళ్ళు పెట్టుటయే.

రెండవది బ్యాంకుల ఉద్యోగము. స్టేట్ బ్యాంకు, ఇతర ప్రభుత్వ బ్యాంకుల ఆఫీసరు పరీక్షలకు ఏ డిగ్రీ యైనను చాలును. రిజర్వు బ్యాంకు గ్రేడ్-బి పరీక్షలో సామాన్యశాఖకు కూడ ఇట్టి శాఖలోనే చదువవలెనను నిర్బంధము లేదు. మార్కుల శాతము మాత్రము చూతురు. 2013లో స్టేట్ బ్యాంకునకు తొలి మహిళా అధ్యక్షురాలైన అరుంధతీ భట్టాచార్య చదివినది ఆంగ్లసాహిత్యము. ఆమె 1977లో ప్రొబేషనరీ ఆఫీసరుగా ఆ బ్యాంకులో చేరిరి. 2008 నుండి 2013 వరకు రిజర్వు బ్యాంకు గవర్నరుగా నుండిన మన తెలుగువారు దువ్వూరి సుబ్బారావు డిగ్రీలో చదివినది భౌతికశాస్త్రము. ఆయన ఐ.ఎ.ఎస్. మార్గమున ఆ పదవికి చేరిరి. అనగా ఈ వాకిటికి వ్యాపారవిద్య తాళపుచెవి కాదు. వేగముగా లెక్కించు నేర్పు, చక్కగా చదివి వ్రాయగల భాష, లోకజ్ఞానము ఇచ్చట ముఖ్యము.

మూడవది భీమాగణితము. ఎంతమందికి ఎంత కాలములో ఎంత సొమ్ము చెల్లింపవలసివచ్చునో ముందుగా అంచనా కట్టువారిని ఆక్చువరీ లందురు. 2006 నాటి ఆక్చువరీల చట్టము క్రింద ఒక సంస్థ ఈ పరీక్షలను జరుపుచున్నది. గణితము, సంఖ్యాశాస్త్రము ఇష్టమైనవారికి ఇది గౌరవనీయమైన వృత్తి. దేశమందలి భీమా వ్యాపారమును నియంత్రించు సంస్థ మన హైదరాబాదుననే ఉన్నను, ఈ వృత్తి పేరు మన ఇండ్లలో వినబడుట తక్కువ. దీనికి తగిన డిగ్రీ బి.బి.ఎ. కాదు, గణితము గాని, సంఖ్యాశాస్త్రము గాని ప్రధానముగా గల బి.ఎస్‌సి.

నాలుగవది పెట్టుబడుల వ్యాపారము. కంపెనీలకు మూలధనము సమకూర్చుట, ఒక కంపెనీ మరియొకదానిని కొనునపుడు వెలగట్టి సలహా చెప్పుట, షేర్ల మంచిచెడ్డలను పరిశోధించుట, ప్రజల సొమ్మును మ్యూచువల్ ఫండుల రూపమున నిర్వహించుట ఇందు చేరును. మన దేశములో దీనికి కేంద్రము ముంబయి. కళాశాల పేరు నిజముగా లెక్కకువచ్చు వాకిలి ఇదియే. ఈ సంస్థలు తమకు కావలసిన కొలదిమందిని కొన్ని ఎంపికచేసిన విద్యాసంస్థల గడపలకే పోయి తెచ్చుకొనును. ఆ గడపలలో పెక్కు డిగ్రీవి కావు. డిగ్రీ తరువాతి ఎం.బి.ఎ.వి.

అయిదవది, హైదరాబాదు వాసులు తరచు వినుచున్నది. జె.పి. మోర్గన్, వెల్స్ ఫార్గో, గోల్డ్‌మన్ శాక్స్ వంటి విదేశీయ సంస్థల పెద్ద కార్యాలయములు ఆ నగరమున కలవు. ఖాతాలను సరిపోల్చుట, ఖాతాదారుల వివరములను పరిశీలించుట, నిధుల విలువను దినదినము లెక్కించుట, నష్టభయములను అంచనావేయుట, వానికి కావలసిన ప్రోగ్రాములు వ్రాయుట మున్నగు పనులు అచ్చట జరుగును. ఇవి మంచి ఉద్యోగములే. కాని ప్రకటనలో సంస్థ పేరు మాత్రము కనబడును. కూర్చుండబోవు బల్ల ఏదో కనబడదు. ఒకే సంస్థలో వెలగట్టు బల్ల వేరు, ఖాతాలు సరిపోల్చు బల్ల వేరు. జీతము, నేర్చుకొను పని, ముందుదారి అన్నియు వేరు. కావున "మా విద్యార్థులు ఫలానా సంస్థలో ఉన్నారు" అని కళాశాలవారు చెప్పినపుడు, "ఏ పనిలో ఉన్నారు?" అని అడుగుట తలిదండ్రుల హక్కు.

చదువుల రకములు

వ్యాపారమును కళాశాలలో నేర్పవచ్చునను ఆలోచన మిక్కిలి ప్రాచీనమైనది కాదు. అమెరికాలో జోసెఫ్ వార్టన్ అను పారిశ్రామికుని విరాళముతో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున వార్టన్ స్కూలు 1881లో వెలసినది. మన దేశమున బొంబాయిలోని సిడెన్హాం వాణిజ్య కళాశాల 1913లోను, ఢిల్లీలోని శ్రీరాం కాలేజ్ ఆఫ్ కామర్స్ 1926లోను ప్రారంభమైనవి. కలకత్తా, అహమ్మదాబాదులలో ఐ.ఐ.ఎం.లు 1961లో ఏర్పడకముందే, 1957లో మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఎం.బి.ఎ. తరగతులను ప్రారంభించినది. కాని చాలకాలము వరకు డిగ్రీస్థాయిలో వాణిజ్యవిద్య యనగా బి.కాం.మే. 2011లో ఇండోరు ఐ.ఐ.ఎం. ఇంటర్మీడియట్ ముగించినవారిని నేరుగా చేర్చుకొను ఐదేండ్ల చదువును ప్రారంభించినది. తరువాత రోహ్‌తక్ మొదలగు ఐ.ఐ.ఎం.లు ఆ బాటను పట్టినవి.

నేడు మన యెదుట ముఖ్యముగా నాలుగు రకములు కలవు. పద్దులు, వాణిజ్యచట్టము, పన్నులు ప్రధానముగా నుండు బి.కాం. ఒకటి. నిర్వహణ విషయములను అన్నిటిని కొంచెము కొంచెముగా రుచిచూపు బి.బి.ఎ. రెండవది. గణితముతో కూడిన అర్థశాస్త్రము లేక సంఖ్యాశాస్త్రము మూడవది. డిగ్రీని, పై చదువును కలిపిన ఐదేండ్ల ఐ.ఐ.ఎం. చదువు నాలుగవది.

వీనిలో ఎక్కువ జాగ్రత్తతో చూడవలసినది బి.బి.ఎ. ఒకే పేరు క్రింద మిక్కిలి గట్టి చదువును కలదు, మిక్కిలి పలుచని చదువును కలదు. ఢిల్లీలోని షహీద్ సుఖదేవ్ కళాశాలలో పెట్టుబడుల విశ్లేషణమే ప్రధానముగా గల బి.బి.ఎ. ఉన్నది. మరికొన్ని చోట్ల మూడేండ్లును నాయకత్వ లక్షణములు, వ్యక్తిత్వ వికాసము అను వ్యాసములతోనే గడచిపోవును. 2024-25 విద్యాసంవత్సరము నుండి బి.బి.ఎ. తరగతులు అఖిల భారత సాంకేతిక విద్యామండలి ఆమోద పరిధిలోనికి వచ్చినవి. కావున చేరదలచిన కళాశాలకు ఆ ఆమోదము కలదా లేదా అని చూచుకొనుట మొదటి పని.

ఏ.సి.సి.ఎ. వంటి విదేశీయ అకౌంటెన్సీ పట్టములను బి.కాం.తో కలిపి బోధింతుమను కళాశాలలును నేడు పెక్కు కలవు. ఆ పట్టమునకు బహుళజాతి సంస్థలలో విలువ ఉన్నది. అయితే మన దేశములో కంపెనీల పద్దులను చట్టప్రకారము తనిఖీ చేసి సంతకము పెట్టు అధికారము మన చార్టర్డ్ అకౌంటెంట్లకే కలదు. ఈ భేదమును తెలిసికొనియే చేరవలెను.

ప్రకటన వెనుక చూచుట

కళాశాలను పరీక్షించుటకు మేము నాలుగు ఉపాయములను సూచింతుము.

మొదటిది, పాఠ్యప్రణాళికతోపాటు పాత ప్రశ్నపత్రములను అడిగి చూచుట. ప్రణాళికలో గొప్ప పేర్లు ఎవ్వరైనను వ్రాయగలరు. ప్రశ్నపత్రము నిజము చెప్పును. "మూలధనమును నిర్వచింపుము" అను ప్రశ్నలే నిండియున్నచో అచ్చట జరుగునది కంఠస్థము. ఒక కంపెనీ ఆస్తి అప్పుల పట్టీని ఇచ్చి "దీనికి అప్పు ఇయ్యవచ్చునా? కారణములు చెప్పుము" అని అడిగినచో అచ్చట విద్య జరుగుచున్నదని గ్రహింపవచ్చును.

ఈ భేదము ఎంత దూరము పోవునో తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. 2009 జనవరి 7వ తేదీన హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు రామలింగరాజు, తమ పద్దులలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని లేఖ వ్రాసెను. ఆ పద్దులపై ఆడిటర్ల సంతకములు ఉండెను. నిల్వ యెంతయో బ్యాంకు నుండి నేరుగా రూఢి చేసికొనుట అను ప్రథమ సూత్రమును ఆడిటర్లు సరిగా పాటింపలేదని 2011లో అమెరికా నియంత్రణసంస్థ తేల్చినది. చిట్టా, ఆవర్జా, అంకణా అను పాఠములు చప్పనివిగా తోచవచ్చును. కాని కాగితముపై నున్న అంకెకును, పెట్టెలో నున్న రూపాయికిని మధ్య దూరమును కొలుచు విద్య అదియే. షేర్లు కొన్న వేలాది సంసారముల పొదుపు దానిపై ఆధారపడియున్నది. అట్టి విద్యను శ్రద్ధగా నేర్పు కళాశాల, ఎంత పాతభవనములో నున్నను, మంచి కళాశాల.

రెండవది, బోధించువారెవరో చూచుట. పద్దులు, గణితము, అర్థశాస్త్రము చెప్పు అధ్యాపకులు స్థిరముగా నున్నారా, ఏటేట మారుచున్నారా? దీనిని ప్రవేశముల కార్యాలయములో అడిగిన ప్రయోజనము లేదు. మధ్యాహ్న విరామవేళ రెండవ సంవత్సరపు విద్యార్థుల నిద్దరిని పలుకరించినచో నిజము తెలియును.

మూడవది, వేతనముల అంకెలను సరిగా చదువుట. ఐదుగురు విద్యార్థులలో ఇద్దరికి నాలుగేసి లక్షలు, ఒకరికి 5, ఒకరికి 6, ఒకరికి 41 లక్షల వార్షిక వేతనము వచ్చెననుకొందము. అత్యధిక వేతనము 41 లక్షలు. సగటు 12 లక్షలు. రెండును అబద్ధములు కావు. కాని వరుసగా నిలబెట్టినపుడు నడుమ నున్నవానికి వచ్చినది 5 లక్షలే. ఈ నడిమి అంకెనే మధ్యగత వేతనమందురు. మన బిడ్డకు రాగలదానికి దగ్గరగా నుండునది ఇదియే. మరియు ఈ ఐదుగురు ఎంతమందిలో ఐదుగురు? ఉద్యోగములు రానివారిని లెక్కలో చేర్చిరా? ఈ వివరములు తెలిసికొనుటకు ఒక మంచి సాధనము కలదు. 2015లో కేంద్రప్రభుత్వము ఏర్పరచిన జాతీయ ర్యాంకుల పద్ధతి, అనగా ఎన్.ఐ.ఆర్.ఎఫ్., ప్రకారము అందు పాల్గొను విద్యాసంస్థలు ఎంతమంది చేరిరి, ఎంతమంది సకాలమున ఉత్తీర్ణులైరి, ఎంతమందికి ఉద్యోగములు వచ్చెను, మధ్యగత వేతన మెంత, పై చదువులకు పోయినవారెందరు అను పట్టికను సమర్పించుచున్నవి. ర్యాంకును చూచి తృప్తిపడక, ఆ పట్టికను చదువవలెను. మూడేండ్ల డిగ్రీ వరుస వేరుగా నుండును. పై తరగతుల అంకెలతో దానిని కలుపరాదు.

నాలుగవది, వచ్చు సంస్థలు ఏ పనికై వచ్చుచున్నవో అడుగుట. నాలుగవ వాకిటిని కోరు విద్యార్థికి ఇది అన్నిటికంటె ముఖ్యము. రెండవ సంవత్సరపు వేసవిలో విద్యార్థులు ఎచ్చట శిక్షణ పొందిరో తెలిసికొన్నచో మూడవ సంవత్సరపు ఫలితమును చాలవరకు ఊహింపవచ్చును.

అప్పు కూడ ఒక పాఠమే

ఫైనాన్సు చదువదలచినవారు చేయవలసిన మొదటి లెక్క తమ చదువు లెక్కయే. చదువు ముగిసి వాయిదాలు మొదలగు నాటికి 12 లక్షల రూపాయల అప్పు నిలిచియున్నదనుకొందము. వడ్డీ నూటికి సాలీనా 10, గడువు పదేండ్లు. నెలవాయిదా సుమారు 15,860 రూపాయలగును. పదేండ్లలో కట్టునది మొత్తము 19 లక్షలకు పైమాట. మొదటి ఉద్యోగములో నెలకు 30,000 రూపాయలు చేతికి వచ్చినచో అందు సగముకంటె ఎక్కువ వాయిదాకే పోవును. ముంబయిలోనో, బెంగుళూరులోనో గది అద్దె, భోజనము మిగిలిన దానిలో జరుగవలెను. అదే 2 లక్షల అప్పైనచో వాయిదా 2,650 రూపాయలకు మించదు.

ఈ రెండు అంకెల మధ్య భేదము డబ్బు భేదము మాత్రమే కాదు, స్వేచ్ఛాభేదము. చిన్న అప్పు గలవాడు తక్కువ జీతమైనను పని నేర్పు ఉద్యోగమును ఎంచుకొనగలడు, ఒక యేడాది ఆగి పరీక్ష వ్రాయగలడు, ఎం.బి.ఎ.కు సిద్ధము కాగలడు. పెద్ద అప్పు గలవాడు దొరికినదానిని పట్టుకొనవలెను. మొదటి వాయిదా మొదటి జీతములో నాలుగవవంతును మించరాదని మా సలహా. ఆ జీతమును అత్యధిక వేతనముతో కాక మధ్యగత వేతనముతో లెక్కింపవలెను. అంతకు మించినచో, తక్కువ రుసుముగల మంచి ప్రభుత్వ కళాశాలలో డిగ్రీ చదివి, మిగిలిన ధనమును పై చదువునకు దాచుట మేలు. ఆర్థికరంగములో పై మెట్ల ఎంపిక ఎక్కువగా ఎం.బి.ఎ. దశలో జరుగునని ముందే చెప్పితిమి గదా. ఐదేండ్ల ఐ.ఐ.ఎం. చదువునకు ఖర్చు ఎక్కువయే. అందు డిగ్రీతోపాటు పై చదువు కూడ చేరియున్నది. కావున దానిని మూడేండ్ల డిగ్రీ ఖర్చుతో గాక, డిగ్రీ, ఎం.బి.ఎ. రెండింటి ఖర్చుతో పోల్చవలెను.

మరియొక విషయము. కొందరు తలిదండ్రులు కుమారునికై అప్పుచేసి దూరము పంపుటకు సిద్ధపడి, కుమార్తెకు మాత్రము ఇంటిప్రక్క కళాశాల చాలుననుచున్నారు. ఇంటిప్రక్క కళాశాల మంచిదైనచో ఇద్దరికిని మంచిదే. కానిచో ఇద్దరికిని కాదు. లెక్కలకు ఆడ, మగ భేదము లేదు.

సముద్రము దాటువారికి

డిగ్రీకే అమెరికాకు పంపదలచు కుటుంబములును నేడు కలవు. అచ్చటి పద్ధతి కొంత భిన్నము. వార్టన్, న్యూయార్కు విశ్వవిద్యాలయపు స్టర్న్, మిషిగన్‌లోని రాస్ వంటి వ్యాపార పాఠశాలలు డిగ్రీ విద్యార్థులకు నేరుగా బోధించును. పెట్టుబడుల బ్యాంకులు వారిని వేసవి శిక్షణకై ఎంచుకొని, అందు మెప్పించినవారికే ఉద్యోగములిచ్చుట వాడుక. ఆ ఎంపిక రెండవ సంవత్సరములోనే మొదలగుచున్నది. చేరిన పిమ్మట నిదానముగా ఆలోచింతమను వారికి సమయముండదు. మరియొక విశేషము: హార్వర్డు, యేల్, ప్రిన్‌స్టన్‌లలో డిగ్రీస్థాయిలో వ్యాపారవిద్యా శాఖయే లేదు. అయినను అచ్చట చరిత్రను, గణితమును చదివినవారు ఆర్థికరంగమునకు ఏటేట పోవుచునే యున్నారు. అచ్చటి సంస్థలు వెదకునది డిగ్రీ పేరును కాదు. కఠినమైన ఎంపికలో నెగ్గిన విద్యార్థిని.

మనవారు అదనముగా చూడవలసినది వీసా. చదువు ముగిసిన విదేశీయ విద్యార్థికి సాధారణముగా ఒక సంవత్సరము పనిచేయు అనుమతి లభించును. విజ్ఞాన, సాంకేతిక, గణిత శాఖల జాబితాలో చేరిన డిగ్రీలకు మరి రెండేండ్లు పొడిగింపు కలదు. సాధారణ ఫైనాన్సు డిగ్రీలు పెక్కు ఆ జాబితాలో చేరవు. గణితభాగము ఎక్కువగా గల కొన్ని డిగ్రీలు చేరును. ఆ పిమ్మట కావలసిన హెచ్-1బి వీసా లాటరీతో ముడిపడియున్నది. దాని నిబంధనలు తరచు మారుచుండును. ఇల్లు తాకట్టుపెట్టి డబ్బు తెచ్చువారు ఈ అనిశ్చయమునకు కూడ వెల కట్టవలెను. చీటీ పాటలోని నాలుగవ ప్రశ్న ఇదియే గదా!

నిర్ణయమునకు ముందు

చేరుటకు ముందు ఇంటిల్లిపాదియు కూర్చుండి, ఒక కాగితముపై ఐదు ప్రశ్నలకు జవాబులు వ్రాసికొనవలెనని మా మనవి. మన బిడ్డ ఏ వాకిటికి పోదలచినాడు? ఆ వాకిటికి తాళపుచెవి పరీక్షయా, కళాశాలయా, పై చదువా? ఈ కళాశాలలో లెక్కలు, పద్దులు గట్టిగా నేర్పుచున్నారనుటకు మనము స్వయముగా చూచిన ఆధారమేది? ఇచ్చట నడిమి విద్యార్థికి దొరకు ఫలితమేది? ఆ ఫలితముతో అప్పు తీరునా?

ఐదింటికి జవాబులు దొరకినచో కళాశాల పేరు తనంతట తానే తేలును. జవాబులు దొరకనిచో ఫలితములు వచ్చిన వారమునకే రుసుము కట్టి తొందరపడనక్కరలేదు. "నేడే చివరి దినము" అని వచ్చు ఫోనులకు భయపడనక్కరలేదు.

1923లో మచిలీపట్టణమున భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకును నెలకొల్పిరి. ఆయన చదువుచే వైద్యులు. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమగువరకు తొమ్మిది దశాబ్దములకు పైగా లక్షలాది సంసారముల పొదుపును కాపాడినది. ఇతరుల సొమ్మును తన సొమ్ముకంటె జాగ్రత్తగా చూచుటయే ఈ వృత్తి యొక్క ధర్మము. ఆ ధర్మమును, దానికి కావలసిన లెక్కను నేర్పగల చోటు ఏదో వెదకి, అచ్చటికి మన పిల్లలను పంపుదము.